బిందెకి మాటు ఉంది, చీటీలో ఆ మాట లేదు

ప్రశ్న:

నమస్తే ఆంటీ. మేము డాలస్ దగ్గర ఉంటాం. పోయిన నెల ఒక ఆదివారం పిల్లల్ని ఈత క్లాసులో దింపి, గంట ఖాళీ ఉందని పక్కనే ఉన్న ఆంటిక్ మాల్‌లోకి వెళ్ళాను. అలాంటి చోటికి వెళ్ళడం అదే మొదటిసారి. ఒక మూల ఇత్తడి బిందె కనిపించింది. అచ్చం మా నాయనమ్మ బిందే! చీటీ మీద 'మిడిల్ ఈస్ట్ నీళ్ళ పాత్ర, పందొమ్మిదో శతాబ్దం, 185 డాలర్లు, ఫర్మ్' అని ఉంది. కౌంటర్‌లో అమ్మాయిని తగ్గించమని అడిగితే కుదరదంది. టాక్స్‌తో కలిపి 200 దాటింది. ఇంటికి తెచ్చి తిరగేసి చూస్తే అడుగున అతుకు! మర్నాడు తీసుకెళ్తే 'ఆల్ సేల్స్ ఫైనల్' అని గోడ మీద బోర్డు చూపించారు. పైగా నేను మాల్‌లో ఉన్నంతసేపూ ఒకాయన నా వెనకాలే తిరిగాడు. అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. మా ఆయనేమో ఆ డబ్బుతో ఇండియాలో కొత్త బిందె దర్జాగా వచ్చేది కదా అంటున్నారు. నేను మోసపోయానా? బ్యాంకుకి కంప్లయింట్ చేయాలా? ఇంక ఇలాంటి చోట్లకి వెళ్ళకపోవడమే మంచిదా? బిందె గొంతు కింద నల్లటి మురికిలో చుక్కలు చుక్కలుగా ఏవో గీతలున్నాయి, అవేమిటో కూడా అర్థం కాలేదు.

సమాధానం:

తల్లీ, నీ ఉత్తరంలో అతుకు దగ్గరికి వచ్చేసరికి నేను చదవడం ఆపేసి కాసేపు అలాగే కూర్చున్నాను. దాన్ని మన ఊళ్ళలో మాటు అంటారు. నా చిన్నప్పుడు మా వీధిలోకి మాట్లు వేసేవాళ్ళు వచ్చేవాళ్ళు. వేపచెట్టు కింద చిన్న గొయ్యి తవ్వి, బొగ్గులు పోసి, తోలుతిత్తి ఊదుతుంటే, చిల్లులు పడ్డ బిందెలూ గంగాళాలూ పట్టుకుని ఆడవాళ్ళు చుట్టూ చేరేవాళ్ళు. రోజూ బావి చప్టా మీద దింపీ దింపీ, గచ్చు మీద ఈడ్చీ ఈడ్చీ బిందె అడుగు అరిగిపోతుంది, అంచు దగ్గర చిట్లుతుంది. అప్పుడు ఒక ముక్క అతికి మాటు వేస్తారు. గదిలో అలంకారానికి పెట్టుకోవడం కోసం చేసిన బిందెకి ఎవరూ మాటు వేయించరు. నీ బిందెతో ఎవరో ఏళ్ళ తరబడి నీళ్ళు మోశారు. నువ్వు లోపం అనుకుంటున్నది దాని పనితనానికి సాక్ష్యం.

అయినా కొనేముందు ఆ సంగతి నీకు చెప్పి ఉండాల్సింది. అది వాళ్ళ తప్పే. చీటీ రాసినవాళ్ళకి వస్తువేమిటో తెలియదు, తెలియని సంగతి తెలిసినట్టు రాశారు. కాబట్టి నీకు అన్యాయం జరగలేదని నేను అనను. ఎంత జరిగింది, ఎవరి వల్ల జరిగింది, ఇప్పుడు ఏం చేయొచ్చు అన్నవి విడివిడిగా చూసుకుంటే నీ మనసు కొంచెం తేలికపడుతుంది.

ఆంటిక్ మాల్ అంటే ఒక దుకాణం కాదు. పెద్ద షెడ్డు లాంటి చోటు అద్దెకి తీసుకుని, దాన్ని చిన్న చిన్న బూత్‌లుగా విడగొట్టి, పది మంది నుంచి రెండు మూడొందల మంది దాకా అమ్మకందార్లకి నెల అద్దెకి ఇస్తారు. వాళ్ళు వచ్చి సామాన్లు సర్ది, చీటీలు కట్టి వెళ్ళిపోతారు. నువ్వు వెళ్ళిన రోజు ఆ బిందె యజమాని అక్కడ లేకపోవడమే మామూలు. కౌంటర్‌లో ఉన్న అమ్మాయి అందరి తరఫునా డబ్బు తీసుకుని, చీటీ మీది బూత్ నంబరు రాసుకుని, నెలాఖరుకి లెక్క చూపిస్తుంది. మాల్ వాళ్ళకి అద్దె వస్తుంది, చాలా చోట్ల అమ్మకం మీద కొంత కమీషన్ కూడా వస్తుంది. బిందె ఎక్కడిదో, ఎన్నేళ్ళదో, అడుగున మాటు ఉందో లేదో ఆ అమ్మాయికి తెలిసే అవకాశం తక్కువ. మన ఊళ్ళో ఇత్తడి సామాన్ల కొట్టుకి వెళ్తే గల్లా దగ్గర కూర్చున్నాయనే సరుకు తెచ్చినాయన. ఏమన్నా తేడా వస్తే ఆయన్నే నిలదీస్తాం. మాల్‌లో ఆ అలవాటు పనిచేయదు. అక్కడ వస్తువుకి నువ్వే పూచీ అనుకుని, కొనేముందే తిరగేసి చూసుకోవాలి. నిన్ను తప్పుపట్టడానికి ఇదంతా చెప్పడం లేదు తల్లీ. మొదటిసారి వెళ్ళినవాళ్ళకి ఈ సంగతి ఎవరూ చెప్పరు.

చీటీ మీద మాటలకి కూడా ఆ లోకంలో ప్రత్యేకమైన అర్థాలున్నాయి. 'ఫర్మ్' అంటే ధర తగ్గదని. అది ఉన్నప్పుడు అడిగినా లాభం లేదు. 'యాజ్ ఈజ్' అన్నా 'యాజ్ ఫౌండ్' అన్నా లోపం ఉంది, చూసుకుని కొనుక్కో అని. నీ చీటీ మీద ఆ మాట లేదు. నీ వాదనలో బలమంతా అక్కడే ఉంది. 'రెప్రో' అంటే పాతదానిలా కొత్తగా చేసినది. 'ఆంటిక్ స్టైల్' అని కనిపిస్తే అది ఆంటిక్ కాదనే. అమెరికా కస్టమ్స్ లెక్కలో వందేళ్ళు దాటితేనే ఆంటిక్. మాల్‌లో ఉండే వస్తువుల్లో చాలా భాగం అంతకన్నా చిన్నవే, వాటిని వింటేజ్ అంటారు.

ఇక డబ్బు సంగతి. మూడు రోజుల్లో ఏదైనా వెనక్కి ఇచ్చేయొచ్చని మనవాళ్ళలో ఒక నమ్మకం ఉంది. ఆ ఫెడరల్ నియమం ఇంటికొచ్చి అమ్మినవాటికి, హోటల్ హాళ్ళలాంటి తాత్కాలిక చోట్ల అమ్మినవాటికి వర్తిస్తుంది. నువ్వే నడిచి వెళ్ళిన దుకాణానికి వర్తించదు. గోడ మీద బోర్డు పెట్టుకుని 'ఫైనల్' అంటే మామూలుగా అది చెల్లుతుంది.

అలాగని చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. రసీదు తీసి చూడు, బూత్ నంబరు ఉంటుంది. ఈసారి వస్తువు తీసుకెళ్ళొద్దు. చీటీ ఫోటో, అడుగు ఫోటో తీసుకుని, శని ఆదివారాలు కాకుండా రద్దీ లేని రోజు చూసి వెళ్ళి మేనేజర్‌ని అడుగు. నెమ్మదిగా చెప్పు: "ఈ బూత్ యజమానికి ఒక మెసేజ్ పంపగలరా? చీటీలో మరమ్మతు సంగతి రాయలేదు. నాకు వస్తువు ఇష్టమే, ఉంచుకుంటాను. అతుకు ఉన్నందుకు ధరలో కొంత వెనక్కి ఇవ్వగలరేమో అడగండి." మోసం అన్న మాట వాడకు. ఆ మాట వినగానే అవతలివాళ్ళు తలుపులు మూసేసుకుంటారు. బూత్‌లు నడిపేవాళ్ళలో ఎక్కువమంది రిటైరైన దంపతులూ, వారాంతాల్లో వేలంపాటలకి తిరిగే మామూలు మనుషులూ. నిజాయితీగా అడిగితే 40 డాలర్లో 50 డాలర్లో వెనక్కి ఇచ్చినవాళ్ళని నేను చూశాను. ఇవ్వనివాళ్ళనీ చూశాను. ప్రయత్నం మాత్రం చేయాలి.

బ్యాంకు కంప్లయింట్ చివరి మెట్టు. కార్డు మీద కొని ఉంటే, చెప్పినట్టు వస్తువు లేదని అడిగే దారి ఉంది. ముందు దుకాణంతో మాట్లాడావా అని వాళ్ళు ఎలాగూ అడుగుతారు. నా సలహా అడిగితే, నువ్వు బిందె ఉంచుకోవాలనుకుంటే ఆ దారి పట్టకు. వస్తువు ఉంచుకుని డబ్బంతా వెనక్కి అడగడం కుదరదు.

ఇంక నీ వెనకాల తిరిగిన మనిషి. దీన్ని నేను తేలిగ్గా తీసుకోను. మాల్‌లో పనిచేసేవాళ్ళు కస్టమర్ల మధ్య తిరుగుతూనే ఉంటారు. అద్దాల బీరువాల తాళాలు వాళ్ళ దగ్గరే ఉంటాయి. చిన్న వస్తువులు చాలా పోతుంటాయి కాబట్టి పెద్ద సంచీ ఉన్నవాళ్ళ మీద కన్నేసి ఉంచుతారు. ఒక్కొక్కప్పుడు కారణం అంతే. ఒక్కొక్కప్పుడు అంతే కాదని మన ఒంటికి తెలుస్తుంది. ఒహాయోలో ఒక చోట నా సంచీ కౌంటర్‌లో పెట్టమన్నారు. నా ముందు వెళ్ళిన ఇద్దరు ఆడవాళ్ళ భుజాలకీ నాకన్నా పెద్ద సంచీలున్నాయి, వాళ్ళనేమీ అనలేదు. ఆ రోజు నేనేం మాట్లాడకుండా సంచీ పెట్టేసి, ఏమీ కొనకుండా వచ్చేశాను. ఇంటికొచ్చాక నోరు మెదపనందుకు ఏడుపొచ్చింది. తర్వాతి నెల మళ్ళీ వెళ్ళి మేనేజర్‌ని అడిగాను, అందరికీ ఇదే నియమమా అని. ఆవిడ ముఖం ఎర్రబడింది, క్షమించమంది. ఆ మరుసటిసారి వెళ్ళేసరికి, సంచీలు కౌంటర్‌లో పెట్టమని అందరికీ వర్తించే బోర్డు తలుపు మీద ఉంది.

ఇప్పుడు నేను చేసే పద్ధతి చెప్తాను. లోపలికి వెళ్ళగానే ముందు కౌంటర్ దగ్గరికి వెళ్ళి హలో చెప్తాను. ఇత్తడి సామాన్లు, ఇనప పెనాలు ఎటువైపు ఉన్నాయని అడుగుతాను. చేతిలో నచ్చిన వస్తువు పెట్టుకుని తిరగను. కౌంటర్‌లో ఇచ్చి నా పేరు మీద పక్కన పెట్టమంటాను. వాళ్ళకి అది అలవాటే. ఆ రెండు మాటలతో నేనెవరో, దేనికోసం వచ్చానో వాళ్ళకి తెలుస్తుంది, వెనకాల తిరిగే మనిషే వచ్చి ఫలానా బూత్‌లో ఇంకో చెంబు ఉందండీ అని చూపిస్తాడు. ఇంత చేసినా ఎవరైనా వెంటాడుతుంటే, తిరిగి నిలబడి "మీకేమైనా కావాలా?" అని అడుగు. గొంతు పెంచొద్దు, తగ్గించొద్దు. అప్పటికీ మారకపోతే ఆ చోటు మానేసి ఇంకో చోటికి వెళ్ళు. టెక్సస్‌లో ఆంటిక్ మాల్స్‌కి కొరత లేదు. మన డబ్బు మర్యాద ఉన్నచోటే ఖర్చుపెడదాం.

బిందె వయసు విషయానికొస్తే, పందొమ్మిదో శతాబ్దమన్న మాట నమ్మడానికి చీటీ తప్ప వేరే ఆధారం ఉందేమో చూద్దాం. అడుగునో అంచునో ఇంగ్లీషు అక్షరాల్లో 'ఇండియా' అన్న ముద్ర ఉందా? అమెరికా 1890లో చేసిన సుంకాల చట్టం ప్రకారం 1891 నుంచి దిగుమతి వస్తువుల మీద ఏ దేశంలో తయారైందో ఇంగ్లీషులో రాయాలి. కాబట్టి ఆ ముద్ర ఉంటే ఎగుమతి కోసం చేసినదని, 1891 తర్వాతదని అర్థం. ఇక్కడి మాల్స్‌లో కనిపించే ఇండియా ముద్ర ఇత్తడిలో ఎక్కువ భాగం 1960ల నుంచి 80ల మధ్య కంటెయినర్లలో వచ్చిన అలంకార సామానే. అందులో చాలా వాటికి పైన పారదర్శకమైన లక్క పూత కూడా ఉంటుంది, చింతపండు రుద్దినా మెరవవు. ముద్ర లేదంటే మాత్రం ఇంకా పాతదని అనుకోవద్దు. ఎవరో పెట్టెలో పెట్టుకుని తెచ్చుకున్న ఇంటి సామానుకి ముద్ర ఎవరు వేస్తారు?

తర్వాత నడుము మీద వేలు పోనిచ్చి చూడు. పాత బిందెలు ఒకే రేకుతో చేసినవి కావు. పై సగం, కింది సగం విడిగా సుత్తితో సాగగొట్టి, అంచులు రంపపు పళ్ళలా కత్తిరించి, ఒకదాంట్లో ఒకటి ఇరికించి కరిగించి అతికేవాళ్ళు. ఆ పళ్ళ గీత వెలుతురికి పక్కగా పట్టుకుంటే కొంచెం వేరే రంగులో కనిపిస్తుంది. లోపల చెయ్యి పెడితే సుత్తి దెబ్బల గుంటలు తగులుతాయి. తణుకు దగ్గర అజ్జరంలో, శ్రీకాకుళం జిల్లా బుడితిలో ఇప్పటికీ చేతిపని ఇత్తడి చేసే కుటుంబాలున్నాయి. అంచేత చేతిపని అన్నంత మాత్రాన వందేళ్ళ నాటిదని కూడా చెప్పలేం. నీ బిందె పాతది, వాడినది అని నేను ధైర్యంగా అంటాను. నూట పాతికేళ్ళదని నేనైతే రాయను.

అది టెక్సస్‌కి ఎలా వచ్చిందో ఊహించుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది. 1840లో నెల్లూరికి బాప్టిస్టు మిషనరీలు, 1842లో గుంటూరికి లూథరన్ మిషనరీ హేయర్ గారు, అందరూ అమెరికా నుంచే వచ్చారు. ఆ తర్వాత వందేళ్ళకి పైగా మన జిల్లాల్లో బళ్ళూ ఆసుపత్రులూ నడిపిన అమెరికన్ కుటుంబాలు తిరిగి వస్తూ తమ సామాన్లు తెచ్చుకున్నారు. వాళ్ళ పిల్లలు పోయాక ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఆ సామాన్లే ఎస్టేట్ సేల్స్ ద్వారా ఇలాంటి బూత్‌లకి చేరతాయి. అలాంటి దారి ఒకటి నిజంగా ఉంది. కానీ 1970ల్లో మన ఇళ్ళలోంచి తూకానికి పోయిన ఇత్తడి, పూలకుండీలుగా పనికొస్తుందని ఓడలెక్కిన దారి కూడా ఉంది. నీ బిందె ఏ దారిన వచ్చిందో దాని ఒంటి మీద గుర్తు దొరికేదాకా కథ అల్లుకోవద్దు. 'మిడిల్ ఈస్ట్' అని చీటీ రాసినవాళ్ళు చేసిన పొరపాటు అదే.

నేనూ కథ నమ్మి నష్టపోయినదాన్నే. చాలా ఏళ్ళ కిందట మా మరదలి పెళ్ళికి తాంబూలం పళ్ళెం కోసం వెతుకుతుంటే, ఒక మాల్‌లో అద్దాల బీరువాలో ట్రే కనిపించింది. చీటీ మీద 'సిల్వర్, ఇంగ్లండ్' అని ఉంది. వెనక్కి తిప్పితే చిన్న చిన్న గడుల్లో నాలుగు అక్షరాలు వరసగా ఉన్నాయి. ఇంగ్లండ్ వెండికి ఇలాంటి ముద్రలుంటాయని ఎక్కడో చదివిన గుర్తు. మురిసిపోయి 90 డాలర్లు ఇచ్చేశాను. ఇంటికొచ్చి చదివితే ఆ అక్షరాలు ఇ, పి, ఎన్, ఎస్. నికెల్ కలిసిన లోహం మీద వెండి పూత అని వాటి అర్థం. అసలు వెండైతే 'స్టెర్లింగ్' అనో '925' అనో ఉంటుంది, పాత ఇంగ్లండ్ వెండికైతే నడిచే సింహం బొమ్మ ఉంటుంది. ఆ ట్రే ఇప్పటికీ నా దగ్గరుంది. అంచుల్లో పూత పోయి లోపలి పసుపు రంగు కనిపిస్తోంది. అప్పటినుంచి అద్దాల బీరువాలోంచి ఏది తీయించినా, ముద్ర ఫోటో తీసుకుని అక్కడే నిలబడి ఫోన్‌లో చూసుకున్నాకే కౌంటర్ వైపు నడుస్తాను. ఎవరూ తొందరపెట్టరు. పెడితే ఆ వస్తువు వదిలేయడమే.

బేరం గురించి ఒక్క మాట. మాల్‌లో మన బజారు పద్ధతిలో సగానికి అడిగితే అవమానంగా తీసుకుంటారు. చీటీ మీద 'ఫర్మ్' లేకపోతే, "దీని మీద ఏమన్నా తగ్గుతుందా?" అని మాత్రం అడుగు. చాలా మాల్స్‌లో కొంత ధర దాటిన వస్తువు మీద పది శాతం తగ్గించే అధికారం కౌంటర్‌కే ఉంటుంది. అంతకన్నా ఎక్కువ కావాలంటే యజమానికి ఫోన్ చేస్తారా అని అడుగు, చేస్తారు. ఒకే బూత్‌లో రెండు మూడు వస్తువులు తీసుకుంటే తగ్గే అవకాశం ఎక్కువ. ఎంత నచ్చినా ఇంతకు మించి పెట్టనని ఇంట్లోనే ఒక అంకె అనుకుని వెళ్ళు. మీ ఆయనతో కూర్చుని ఆ అంకె అనుకుంటే సగం గొడవలుండవు.

మళ్ళీ వెళ్ళకపోవడమే మంచిదా అని అడిగావు. వెళ్ళు తల్లీ. నా వంటింట్లో నాకెంతో ఇష్టమైన వస్తువు అలాంటి చోట దొరికిందే. వాగ్నర్ అని, ఒహాయోలోనే సిడ్నీ అనే ఊళ్ళో పోత ఇనప సామాన్లు చేసిన పాత కంపెనీ. వాళ్ళ చదును పెనం ఒకటి, తుప్పు పట్టి, ఒక బూత్‌లో కింద అరలో పడి ఉంది. 28 డాలర్లు. కౌంటర్ మీది గాజు పలక మీద పెట్టి నొక్కి చూశాను, ఊగలేదు. వేలి గెణుపుతో కొడితే గంటలా మోగింది. పగులుంటే ఆ మోత రాదు, మొద్దుగా చప్పుడొస్తుంది. తుప్పంతా తోమి, నూనె రాసి, ఓవెన్‌లో మూడు నాలుగు సార్లు కాల్చాను. మొదటి వారం అట్లు అంటుకున్నాయి. ఉల్లిపాయ సగానికి కోసి నూనెలో ముంచి రుద్దుతూ పోతే రెండో వారానికి దారికొచ్చింది. ఇప్పుడు పెసరట్టు అంచు దానంతట అదే లేస్తుంది. ముక్కు పగిలిపోయేంత చలి ఉండే ఈ ఊళ్ళో చలికాలం పొద్దున్నే ఆ పెనం మీద అట్టు చుర్రుమంటే నాకు ప్రాణం లేచొస్తుంది. ఒక జాగ్రత్త ఉంది. పూర్వం ఇక్కడ కొందరు ఇలాంటి పెనాల్లో సీసం కరిగించి తూటాలూ, గాలానికి కట్టే గుండ్లూ పోసుకునేవాళ్ళు. హార్డ్‌వేర్ షాపులో సీసం పరీక్ష కిట్ దొరుకుతుంది, వాడేముందు చూసుకోవాలి. రంగురంగుల పాత గిన్నెలూ అంతే, బయటి రంగుల్లో సీసం ఉండొచ్చు. చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయని అందులో పులిహోర కలపొద్దు.

నీ బిందెకీ ఇదే వర్తిస్తుంది. మాటు వేసిన లోహంలో సీసం ఉండొచ్చు. అందులో మంచినీళ్ళు పోసి పిల్లలకి ఇవ్వకు. దేవుడి గదిలో పెట్టుకో, పూలు పెట్టుకో.

ఇంకొకటి, ఇది మాత్రం గట్టిగా చెప్తాను. ఆ మాల్స్‌లో ఒక్కొక్కప్పుడు రాతి విగ్రహాలు, పాత పంచలోహ విగ్రహాలు కనిపిస్తాయి. మన దేవుడు ఎక్కడో బూత్‌లో పడి ఉన్నాడని జాలిపడి కొనాలనిపిస్తుంది. ఎక్కడినుంచి వచ్చిందో కాగితాలు లేకుండా కొనొద్దు. మన గుళ్ళలోంచి దొంగిలించినవి ఈ దేశానికి ఎన్నో చేరాయి. 2021లో అమెరికా ఒక్కసారే 157 వస్తువులు ఇండియాకి తిరిగి ఇచ్చింది. ఇండియాలో 1972 చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన కళాఖండాల్ని ప్రైవేటు మనుషులు దేశం దాటించడానికి వీల్లేదు. దంతం వస్తువుల జోలికీ వెళ్ళకు.

మీ ఆయన మాట. కొత్త బిందె దర్జాగా వచ్చేదన్నది నిజమే. దానికి ఎదురు వాదించకు. నువ్వెందుకు కొన్నావో మాత్రం ఆయనకి చెప్పావా? నాకు రాసిన ఉత్తరంలో ఒక్క ముక్కలో తేల్చేశావు, 'అచ్చం మా నాయనమ్మ బిందే' అని. ఆ బిందె ఏమైందో నువ్వు రాయలేదు. బహుశా మా ఇంట్లో అయినట్టే అయ్యుంటుంది. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా స్టీలు సామాన్లవాడు గంప నెత్తిన పెట్టుకుని మా గుమ్మంలోకి వచ్చాడు. మా అమ్మ రెండు ఇత్తడి బిందెలు, ఒక గుండిగ, నాలుగు చెంబులు తూకం వేయించి, వాటికి బదులు మూత ఉన్న స్టీలు డబ్బాలు తీసుకుంది. ఆ రోజు అమ్మకెంత సంతోషమో! తోమక్కర్లేదు, చిలుమెక్కదు, కళాయి వేయించక్కర్లేదు. పొద్దున్నే చింతపండూ ఇటుకపొడీ పెట్టి బావి దగ్గర అరచేతులు అరిగేలా తోమినావిడకి ఆ స్టీలు ఎంత సుఖమో నాకిప్పుడు అర్థమవుతుంది. అందుకని అమ్మ మీద కోపం లేదు. కానీ మా బామ్మ సాయంత్రం వచ్చి, బిందెలుండే పీట వంక చూసి, ఏమీ అనకుండా పెరట్లోకి వెళ్ళిపోయింది. ఆ వీపు నాకింకా గుర్తుంది. నీ ఇంట్లో జరిగింది కూడా మీ ఆయనకి కూర్చోబెట్టి చెప్పు. ధర గురించి తర్వాత మాట్లాడుకోవచ్చు.

చివరగా ఆ చుక్కల గీతలు. ఉత్తరం మొత్తంలో నన్ను నిద్రపోనివ్వనిది అదే. బిందె మొత్తం తోమకు. ఇక్కడివాళ్ళు ఆ నలుపుకే విలువిస్తారు, డబ్బు వెనక్కి ఇచ్చే మాట తేలేదాకా దాన్ని అలాగే ఉంచాలి. గొంతు కింద బెత్తెడు మేర మాత్రం నానబెట్టిన చింతపండు వేలితో అద్ది, పది నిమిషాలు ఆగి, తడిగుడ్డతో తుడువు. ఆరాక పొడి బియ్యప్పిండి చిటికెడు తీసుకుని ఆ చుక్కల్లోకి రుద్ది, పైన మిగిలింది ఊదెయ్యి. గదిలో లైటు ఆర్పి, ఫోన్ టార్చి పక్కనుంచి వేసి చూడు. మన ఇళ్ళలో కొత్త సామాను కొంటే కొట్లోనే ఉలితో చుక్కలు కొట్టించి పేరు వేయించుకునేవాళ్ళు. ఆడపిల్లకి సారె పెట్టే బిందె మీద పుట్టింటివాళ్ళ ఇంటిపేరు, పిల్ల పేరు, ఒక్కోసారి ఊరూ తారీఖూ కూడా ఉండేవి. తమిళులూ, కన్నడిగులూ, మరాఠీలూ అలాగే వేయించుకునేవాళ్ళు కాబట్టి అక్షరాలు ఏ భాషవైనా కావొచ్చు. తలకట్టులూ గుడులూ సున్నాలూ కనిపిస్తే మాత్రం కాగితం మీద అచ్చంగా ఎలా ఉన్నాయో అలా దించి, ఫోటోతో పాటు నాకు పంపించు. అరిగిపోయిన అక్షరాలు చదవడం నాకు అలవాటు, ఇద్దరం కలిసి కూడబలుక్కుందాం.